మా వీధికి విచారణకు వచ్చిన మనిషి

ముందే చెప్తున్నాను. ఇది చదివి ఎవరైనా నాకు ఫోన్ చేసి "పాజిటివ్‌గా ఉండు, అంతా మనసులోనే ఉంది" అన్నారంటే మాట పూర్తి కాకముందే ఫోన్ పెట్టేస్తాను. ఈ ఏడాది ఆ మాట అన్నవాళ్ళను చాలామందిని చూశాను. నా జబ్బు మనసులో లేదు, పేగులో ఉంది. పెద్దపేగు లోపల పుండ్లు పడతాయి, రక్తం పోతుంది, కడుపు పిలిస్తే ఆగడం అనేది ఉండదు. ఇంతకంటే వివరం చెప్పను, చెప్పాల్సినవాళ్ళకు డాక్టరు చెప్తాడు.

ఇప్పుడు తగ్గింది. పోయింది అనను, అణిగింది. అణిగి ఉండగానే రాసి పెట్టాలని కూర్చున్నాను. రోగం కంటే రోగం ఉందని నమ్మించడమే నాకు ఎక్కువ కష్టమైంది. ఇలాంటిదే ఎవరికైనా వచ్చి, ఇంట్లో కూర్చుని పని చేసుకోనివ్వండి మహాప్రభో అని ఎవరినైనా అడుక్కోవాల్సి వస్తే, వాళ్ళకు ఇది పనికి రావచ్చు.

అనపకాయల కాలం

మా ఊరు చింతామణి వైపు చలికాలం వచ్చిందంటే ప్రతి ఇంట్లో అనపకాయలే. గింజలు నానబెట్టి, ఒక్కొక్కటీ పితికి, తొక్క తీసిన పప్పుతో పులుసు చేస్తారు. ఆ రోజు మా అత్త రత్నమ్మ గంప నిండా కాయలు తెప్పించింది. నేనూ మా ఆడబిడ్డ పవిత్రా కూర్చుని వేళ్ళు నొప్పి పుట్టేదాకా పితికాం. పవిత్ర ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. నా భర్త మంజునాథ్‌కు బోరు మోటార్లు వైండింగ్ చేసే అంగడి ఉంది. వేసవిలో ఊళ్ళో మోటార్లన్నీ ఒకేసారి కాలిపోతాయి కాబట్టి ఆయన ఆ నెలల్లో ఇంట్లో కనిపించడు.

ఆ రాత్రి సంగటిలో పులుసు కలుపుకుని కడుపు నిండా తిన్నాను. తెల్లారేసరికి కడుపులో ఎవరో తడిగుడ్డ పిండుతున్నట్టు నొప్పి. అరగలేదని వాము నమిలాను. వారం గడిచినా తగ్గలేదు, పైగా రక్తం కనబడింది. కనబడిన రోజు బాత్రూములో గోడ పట్టుకుని నిలబడిపోయాను. భయం వేసింది. చెప్పుకోవడానికి సిగ్గు వేసింది. చివరికి అత్తకు సగం చెప్పాను.

"వేడి చేసుంటాదిలే. గ్యాస్ట్రిక్. మజ్జిగ తాగు" అంది.

మా జిల్లాలో గ్యాస్ట్రిక్ కాని రోగం లేదు. గుండె పట్టేసినా గ్యాస్ట్రికే, నడుము పట్టేసినా గ్యాస్ట్రికే. ఎవరి దగ్గరైనా సిగ్గుపడకుండా చెప్పుకోగల రోగం అదొక్కటే. అందుకని నేనూ అదే చెప్పుకుంటూ వచ్చాను. పక్కింటివాళ్ళు అడిగితే గ్యాస్ట్రిక్, కూరగాయల బండివాడు అడిగితే గ్యాస్ట్రిక్. నేను చిక్కిపోతుంటే "బాగా సన్నబడినావు, ఏం తింటాండావు?" అని మెచ్చుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళను ఏమనాలో నాకు ఇప్పటికీ తెలీదు, అనాలని మాత్రం ఉంది.

ఉగాదికి ముందు

చిక్కబళ్ళాపురంలో ఒక ఆసుపత్రికి వెళ్ళాం. అక్కడ డాక్టరు గది ముందు ఇనుప కుర్చీల వరస, గోడకు టీవీ. కడుపు రోగులందరినీ కూర్చోబెట్టి ఆ టీవీలో వంటల కార్యక్రమం పెట్టారు. ఒకావిడ నూనెలో ఏదో వేయిస్తోంది. పెట్టినవాడు నా చేతికి దొరికితే ఆ నూనెలోనే వేయించేదాన్ని.

నేను కుర్చీ వెతుక్కోలేదు, బాత్రూము తలుపు ఎక్కడుందో వెతుక్కున్నాను. ఆ రోజు నుంచి ఇవాళ్టిదాకా ఏ ఇంటికి వెళ్ళినా, ఏ అంగడికి వెళ్ళినా నా కళ్ళు ముందు ఆ తలుపునే వెతుకుతాయి. కనబడకపోతే, అక్కడున్న ఆడవాళ్ళలో కాస్త మెత్తగా కనిపించినామె దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించి అడుగుతాను. అలా అడగడానికి ఒక గొంతు ఉంటుంది. దాహం అడిగే గొంతు వేరు, ఇది వేరు.

ఆ తలుపు పక్క కుర్చీలో శిడ్లఘట్ట నుంచి వచ్చిన ఒక పెద్దామె కూర్చుని ఉంది. రెండోసారి నేను లోపలికి పరుగెత్తి వచ్చేసరికి లేచి నిలబడింది.

"ఈడ కూర్చో అమ్మా. నాకు కీళ్ళు, నేను యాడ కూర్చున్నా ఒకటే" అంది.

ఆమె పేరు అడగలేదు. ఆ ఏడాదిలో నాకు జరిగిన మంచి పనులు లెక్కపెడితే అదే మొదటిది. పరీక్షలు చేశారు, గొట్టం వేసి చూశారు, పేరు పెట్టారు. జీవితాంతం ఉంటుందన్నారు. మాత్రలు రాసిచ్చి, ఎక్కువ దూరం ప్రయాణాలు వద్దు, బాత్రూము దగ్గరగా ఉండేలా చూసుకో అన్నారు. బయటికొచ్చాక మంజునాథ్ చాలాసేపు బైకు తాళం చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

"ఎవురికీ చెప్పొద్దులే ఇప్పుడే" అన్నాడు. "పవిత్ర సంబంధం మాట నడస్తాండాది గదా."

బాగేపల్లి నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయికి హైవే పక్కన టైర్ల అంగడి. ఇంట్లో ఒకరికి జీవితాంతం ఉండే జబ్బని తెలిస్తే అది కోడలి జబ్బా, కూతురి జబ్బా అని ఎవరూ ఆగి అడగరు. "ఆ ఇంట్లో ఏదో రోగముండాదంట" అని ఊరుకుంటారు. సరే అన్నాను. నాకూ ఊరంతా చాటుకోవాలని ఏమీ లేదు.

ఇక నా ఉద్యోగం. బెంగుళూరులో ఒక కంపెనీ. వాళ్ళ సరుకు కొని మోసపోయామనుకున్నవాళ్ళు పంపే ఫిర్యాదులకు జవాబులు రాయడం నా పని. కరోనా నుంచీ ఇంట్లోనే కూర్చుని చేస్తున్నాను, ఎవరూ వంక పెట్టలేదు. ఆ ఉగాదికి ముందు కంపెనీవాళ్ళు అందరూ ఆఫీసుకు రావాల్సిందే అని మెయిల్ పెట్టారు. చింతామణి నుంచి బెంగుళూరుకు బస్సులో ట్రాఫిక్‌ను బట్టి రెండు గంటలో, మూడు గంటలో. ఆ బస్సులో నేను పది నిమిషాలు కూడా నమ్మకంగా కూర్చోలేను.

అర్జీ పెట్టాను. డాక్టరు రాసిచ్చింది జతచేశాను. ఇంటి నుంచి పని కొనసాగించనివ్వండి, ఒక్కరోజు కూడా పని తగ్గదు అని రాశాను. నాలుగు రోజులకు జవాబు వచ్చింది. మొదటి వాక్యం: "మీకు కలిగిన అసౌకర్యాన్ని మేము పూర్తిగా అర్థం చేసుకున్నాము." చదివి నా కళ్ళను నేనే నమ్మలేకపోయాను. ఆ వాక్యం నాది. కోపంగా ఉన్న కొనుగోలుదారుల కోసం నేను కూర్చుని రాసిచ్చిన వాక్యం. ఏమీ చేసే ఉద్దేశం లేనప్పుడు వాడాలని నేనే పక్కన సూచన కూడా పెట్టాను.

తర్వాత హెచ్‌ఆర్ అమ్మాయి ఫోన్ చేసింది. చిన్నపిల్ల గొంతు, తేనె లాంటి కన్నడం.

"మేడమ్, మీ డాక్టరు రెస్ట్ కావాలని రాశారు. రెస్ట్ కావాలంటే సెలవు పెట్టుకోవాలి. పని చేయగలను అంటున్నారు కాబట్టి ఆఫీసుకు కూడా రాగలరు కదా?"

"పని చేయడానికి కావలసింది నా చేతులమ్మా. బస్సులో కూర్చోవడానికి కావలసింది వేరే" అన్నాను.

"అర్థమైంది మేడమ్" అంది. అర్థం కాలేదని ఆ గొంతే చెప్పింది. "మేము ఒకసారి వెరిఫై చేసుకుంటాం."

నా మేనేజరు ఇంకా ఘనుడు. "కడుపు అందరికీ ఉంటుంది సుజాతా" అన్నాడు. అవును సార్, అందరికీ ఉంటుంది. సిగ్గు కూడా అందరికీ ఉంటుందనుకున్నాను నేను.

మామిడికాయల నెల

వెరిఫై చేయడమంటే డాక్టరుకు ఫోన్ చేస్తారనుకున్నాను. మనిషిని పంపుతారని నా ఊహలో కూడా లేదు.

మా వైపు ఒక పద్ధతి ఉంది. సంబంధం ఖాయం చేసుకునే ముందు అవతలివాళ్ళు ఒక మనిషిని పంపి విచారిస్తారు. ఆ మనిషి చుట్టం అయి ఉండకూడదు. వచ్చి, నేను ఫలానావాళ్ళ తరఫున వచ్చానని చెప్పడు. అద్దె ఇల్లు వెతుకుతున్నానంటాడు, టమోటా బాక్సులు కొంటానంటాడు, ఏ అడ్రసో అడుగుతాడు. మాటల్లో మాటగా "ఆ ఇంటివాళ్ళు ఎట్లాంటోళ్ళు? ఒళ్ళూ అదీ బాగుంటారా?" అంటాడు. వీధిలో అందరికీ అతను ఎవరో తెలుసు. తెలియనట్టు నటించి, ఆ ఇంటిని ఆకాశానికెత్తి పంపుతారు. ఇవాళ వాళ్ళ పిల్ల, రేపు మన పిల్ల. మా వీధిలో ఈ విషయంలో ఎవరూ ఎవరికీ ద్రోహం చెయ్యలేదు. పడనివాళ్ళు కూడా ఆ ఒక్క రోజు మంచే చెప్తారు.

నేను చిక్కబళ్ళాపురంలో రక్తపరీక్షకు వెళ్ళిన రోజు బైకు మీద ఒకతను వచ్చాడు. వీధి మొగదల చిల్లరంగడి నారాయణప్ప దగ్గర ఆగి, సుజాత అనే ఆమె ఇల్లు ఏది, ఆమెకు ఒంట్లో బాగాలేదంట కదా, నేను కంపెనీ నుంచి వచ్చాను అన్నాడు. నారాయణప్పకు వెంటనే అర్థమైపోయింది, అంటే ఆయన అనుకున్నది అర్థమైంది. కంపెనీ పేరు చెప్పుకుని వచ్చే పిల్లవాడి తరఫువాణ్ణి ఆయన కొత్తగా చూడడం లేదు.

ఆ సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి మా అత్త అరుగు మీద వెలిగిపోతూ కూర్చుని ఉంది. ఎదురుగా నారాయణప్ప.

"సుజాతా, బాగేపల్లోళ్ళు మనిషిని పంపినారు!" అంది అత్త. "చూడాల నువ్వు, ఎంత తెలివిగా అడిగినాడో. పిల్ల గురించి ఒక్క మాట లేదు. అంతా నీ ఒంటి గురించే!"

"నేనేం తక్కువ తిన్నానా?" అన్నాడు నారాయణప్ప. "రోగమా, ఆ ఇంట్లోనా, రామ రామ అన్యా. ఆ కోడలు గుర్రం మాదిరి ఉండాదప్పా, బిందె నీళ్ళు ఒంటిచేత్తో ఎత్తుతాది అని చెప్పినా."

"కోడలు యాడికి పోయినాదమ్మా అన్నాడు నన్ను" అంది అత్త. "ఆస్పత్రికి అంటానా నేను? కైవారం పోయింది, దేవుని దర్శనానికి, నడిచే పోయింది అని చెప్పినా."

నేనూ నవ్వాను. పవిత్ర సిగ్గుపడి లోపలికి పోయింది. అత్త మామిడికాయ పచ్చడి పెట్టి మరీ నారాయణప్పను సాగనంపింది. ఆ పూట మా ఇంట్లో అందరం సంతోషంగా ఉన్నాం.

మూడు రోజులకు కంపెనీ మెయిల్ వచ్చింది. ఉద్యోగి ఇంట్లో లేరు. కాలినడకన తీర్థయాత్రకు వెళ్ళినట్టు కుటుంబసభ్యులు తెలిపారు. ఎటువంటి అనారోగ్యమూ లేదని ఇరుగుపొరుగు ధ్రువీకరించారు. శారీరక దారుఢ్యం గురించి ప్రత్యేకంగా ప్రస్తావించారు. కాబట్టి అభ్యర్థన తిరస్కరించబడింది, వచ్చే సోమవారం నుంచి ఆఫీసుకు రాకపోతే తప్పుడు సమాచారం ఇచ్చినందుకు చర్య తీసుకుంటాం.

గుర్రం. ఆ మెయిల్ ముందు కూర్చుని నాకు ఆ ఒక్క మాటే వినిపించింది. చదివింది రెండోసారి చదివాను, మూడోసారి చదివాను. తర్వాత లోపలికి వెళ్ళి అత్తకు చెప్పాను. మెల్లగా చెప్పలేదు. వీధి చివరిదాకా వినబడి ఉంటుంది.

"నాకేం తెలుసే!" అని ఆమె కూడా అరిచింది. "గ్యాస్ట్రిక్ అని నువ్వే గదా అందరికీ చెప్పుకొస్తాండావు? ఇంటి మానం కాపాడినందుకు నన్నే అంటావా?"

"మానం కాపాడుకుంటూ కూర్చో, నా పని పోతాది."

"పోతే పోనీ! నా కొడుకు పెట్టడం లేదా నీకు అన్నం?"

ఆ మాటకు నాకు వచ్చిన కోపం ఇంకా పూర్తిగా పోలేదు. అన్నం గురించి కాదు. ఆ జబ్బు నా తిండి లాక్కుంది, నిద్ర లాక్కుంది, బయటికి వెళ్ళడం లాక్కుంది. ఇన్ని పోయాక నాకు మిగిలింది ఆ టేబులూ, ఆ కుర్చీ, నేను బాగా చేస్తానని నాకు తెలిసిన ఆ పని ఒక్కటే. అది కూడా పోతే ఇక ఇంట్లో రోగి అనే పేరు తప్ప నాకు ఇంకో పేరు ఉండదు. ఆ రోజు ఇంత చక్కగా చెప్పలేకపోయాను. గ్లాసు ఒకటి నేలకేసి కొట్టాను, అంతే.

సోమవారం బస్సెక్కాను. ముందురోజు నుంచి ఏమీ తినలేదు, నీళ్ళు కూడా లెక్కగా తాగాను. ఖాళీ కడుపు పిలవదనుకున్నాను. కైవారం క్రాస్ కూడా దాటలేదు, పిలిచింది.

"అప్పా, కొంచెం నిలపప్పా" అన్నాను కండక్టరును.

"స్టాప్ వస్తాది ఉండమ్మా. అందరూ యాడంటే ఆడ నిలపమంటే బండి బెంగుళూరు చేరేది ఎప్పుడు?"

ఎలా అరిచానో తెలియదు. బస్సులో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. డ్రైవరు బ్రేకు వేశాడు. దిగి, క్రాస్ దగ్గర దేవుడి గుడికి పోయేవాళ్ళకు పూలూ టెంకాయలూ అమ్మే ఒకామె ముందు నిలబడ్డాను. గొంతు తగ్గించి అడగడానికి కూడా నాకు గొంతు లేదు. ఆమె నా మొహం చూసింది. చేతిలో పూలమాల పక్కన పెట్టేసి లేచింది.

"అదో, ఇంటి వెనక. డ్రమ్ములో నీళ్ళుండాయి. బిన్నా, తొందరగా పో అమ్మా."

బయటికొచ్చాక చాలాసేపు ఆమె మంచం మీద కూర్చున్నాను. చీర కొంగు తడిసింది, ఎందుకు తడిసిందో చెప్పను. అప్పుడే మేనేజరు ఫోన్. ఎక్కడున్నారు, పది దాటింది అన్నాడు. కైవారంలో ఉన్నాను సార్ అన్నాను.  "మళ్ళీ దర్శనమా?" అన్నాడు.

ఆ మనిషి ఎప్పుడైనా మా చింతామణి బస్సెక్కాలని, ఆ రోజు అతనికి కడుపు బాగుండకూడదని నేను కోరుకున్నాను. ఇప్పటికీ కోరుకుంటున్నాను. మంజునాథ్ అంగడి మూసి బైకు వేసుకుని వచ్చాడు.  ఇంటి ముందు దిగాక వాళ్ళమ్మతో అన్నాడు: "మా, ఇంకొకసారి ఈమెకు బాగుండాదని ఎవురితోనైనా అన్యావంటే బాగుండదు."

తొలి వానలు

రెండు రోజులు పోరాడాను. హెచ్‌ఆర్ అమ్మాయికి ఫోన్ చేసి, మీ మనిషికి మా వీధి అబద్ధం చెప్పింది అన్నాను. ఎందుకు చెప్పింది మేడమ్ అంది. సంబంధం సంగతి, విచారణ సంగతి మొత్తం చెప్పాను. చెప్తుంటే నాకే కట్టుకథలా వినిపించింది.

"ఇంట్రెస్టింగ్" అంది ఆ పిల్ల. చివరికి, ఇంకొక్కసారి మనిషిని పంపుతాం, ఏ రోజో ముందు చెప్పం, అప్పటిదాకా జీతం లేని సెలవు అంది.

ఆ సాయంత్రం అందరికీ చెప్పాను.  అత్త మనసులో ఏముందో అడక్కుండానే తెలుసు. బాగేపల్లివాళ్ళ మనిషి ఇంకా రానే లేదు. అతనూ ఏ రోజైనా రావచ్చు. ఇద్దరూ ఒకే ప్రశ్న అడుగుతారు. ఒకరికి అబద్ధం చెప్తే నా పని పోతుంది, ఇంకొకరికి నిజం చెప్తే పవిత్ర సంబంధం పోతుంది. వచ్చినవాడు ఎవడో మొహం మీద రాసి ఉండదు, అడిగితే చెప్పినా నమ్మడానికి లేదు.

"నిజమే చెప్పు మా" అంది పవిత్ర. "వదిన రోగానికి భయపడి పారిపోయేవాడు రేపు నాకు జరమొస్తే ఆస్పత్రికి తీసుకుపోతాడా?"

"నువ్వు ఊరుకో. నీకేం తెలుసు" అంది అత్త. అంతకు మించి ఆ మాట మళ్ళీ రాలేదు. ఏం చెప్తుందో నాకు తెలియదు. నమ్మకం లేదని కూడా చెప్పాలి.

తొలి వాన పడి నేల తడిసిన వారం. వేరుశనగ విత్తనానికని అత్త అరుగు మీద చెనిక్కాయలు ఒలుస్తోంది. నేను కిటికీ లోపల పడుకుని ఉన్నాను. బైకు ఆగింది. పోయినసారి వచ్చినతను కాదు, వేరే మనిషి, నడివయసు.

"అమ్మా, ఈ వీధిలో బాడుగ ఇల్లు ఏమన్నా ఉండాదా?" అన్నాడు.

 బాడుగ ఇల్లు అంటే పెళ్ళివారి మనిషే. అత్త చేతిలో కాయ అలాగే పట్టుకుంది. అతను నీళ్ళు అడిగాడు, తాగాడు, వాన గురించి రెండు మాటలు అన్నాడు. తర్వాత వచ్చింది.

"ఇంట్లో అందరూ బాగుండారా అమ్మా? ఎవురికీ ఒంట్లో ఏమీ లేదు గదా?"

 అత్త చేతిలో కాయ గంపలో పడేసి లేచి నిలబడింది.

"ఉండాదప్పా. నా కోడలికి ఉండాది" అంది. గొంతు తగ్గించలేదు. "పెద్దపేగులో పుండ్లు. గ్యాస్ట్రిక్ కాదు. రక్తం పోతాది. తిన్నిది ఒంటికి పట్టదు. దొడ్డికి అంటే పరిగెత్తాల, ఒక్క నిమిషం ఆగేదానికి కాదు. బస్సులో పోతా నడి దోవలో దిగి, ముక్కూ మొగం తెలీనోళ్ళ ఇంటికి పోయింది. బిందె కాదు, చెంబు నీళ్ళు ఎత్తేదానికి కూడా చేతుల్లో సత్తువ లేదు. అట్లున్నా ఆ టేబుల్ ముందర కూర్చుని పని చేస్తాది. ఒక్కనాడు మానలేదు."

అతను ఏదో అనబోయాడు.

"ఉండు, నేను చెప్పేది అయిపోలేదు" అంది. "నువ్వు పిల్లోనోళ్ళ మనిషివో, కంపెనీ మనిషివో నాకు తెలీదు. ఎవురైనా నాకు ఒకటే మాట. పోయినసారి అబద్ధం చెప్పినా, ఇంట్లో అగ్గి పడింది. ఇంక నాతో కాదు."

వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. నారాయణప్ప అంగడి వదిలేసి వచ్చాడు. "అవునప్పా, ఆమె గుర్రం కాదు" అన్నాడు, తలవంచుకుని. లోపల నా చెవులు కాలిపోయాయి. నా రక్తం, నా పరుగు, నా దొడ్డి అంతా వీధికెక్కింది. సిగ్గుతో దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను. ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. ఈ ఆరు నెలల్లో ఎవరూ నా తరఫున ఇంత గట్టిగా మాట్లాడలేదు.

ఊపిరి పీల్చుకుని అప్పుడు అడిగింది అత్త: "ఇంతకీ నువ్వు ఎవురప్పా?"

కంపెనీ మనిషే. నేను ఫోన్‌లో చెప్పిన విచారణ పద్ధతే పట్టుకుని, ఈసారి బాడుగ ఇల్లు అని చెప్పమన్నారట. వాళ్ళ తెలివి అంతా రోగిని పట్టుకోవడానికే పనికొచ్చింది. అత్త అతన్ని తిట్టి, కాఫీ ఇచ్చి పంపింది.

వారానికి మెయిల్ వచ్చింది. ఆరు నెలలు ఇంటి నుంచి పని చేయవచ్చు, ఆ తర్వాత మళ్ళీ పరిశీలిస్తారు. చివరి వాక్యం: "మీ సహనానికి ధన్యవాదాలు." అది కూడా నేను రాసిచ్చిందే. నాకు సహనం లేదు, ఎప్పుడూ లేదు, అరిచి గ్లాసులు పగలగొట్టి తెచ్చుకున్నాను దీన్ని. మళ్ళీ పరిశీలించే రోజు దగ్గరికొస్తోంది. రానివ్వండి. ఈసారి మా వీధి తయారుగా ఉంది.

శ్రావణం

బాగేపల్లివాళ్ళు విచారణకు మనిషిని పంపనేలేదు. నేరుగా వాళ్ళే వచ్చారు: అబ్బాయి, తండ్రి, తల్లి. హాల్లో చాప మీద కూర్చున్నారు. కాఫీ ఇంకా పొయ్యి మీదే ఉంది, మా అత్త మొదలుపెట్టేసింది. అలవాటైపోయింది ఆమెకు. ఆ మధ్య కూరగాయల బండివాడికి కూడా చెప్పి, నా చేత తిట్లు తిన్నది.

"ముందరే చెప్పేస్తాండా. మా కోడలికి పేగుల్లో పుండ్లుండాయి. పిల్లకు ఏమీ లేదు. తర్వాత తెలిసి దాచినారు అనకూడదు."

మంజునాథ్ నేల చూపులు చూశాడు. పిల్లవాడి తండ్రి మీసం దువ్వుకున్నాడు. అబ్బాయి పవిత్ర వైపు చూశాడు, పవిత్ర తలెత్తే చూసింది.  నేను కాఫీకి తీసిన లోటాలు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాను. పోయింది సంబంధం, నా వల్లే పోయింది అనుకున్నాను.

అబ్బాయి తల్లి లేచింది. మర్యాదగా చీర సర్దుకుని, అందరినీ దాటి నా దగ్గరికి వచ్చింది.

"బాత్రూము యాడ ఉండాదమ్మా?" అని అడిగింది.

ఆ గొంతు నాకు తెలుసు, ఏ ఇంటికి పోయినా నేను అడిగే గొంతే. లోటాలు అక్కడే గూట్లో పెట్టేసి ఆమె చెయ్యి పట్టుకుని తీసుకుపోయాను. బకెట్టు నిండా ఉందో లేదో చూశాను, గడియ కొంచెం పైకెత్తి వేయాలని చెప్పాను, తలుపు బయట ఎవరూ రాకుండా నిలబడ్డాను. చాలాసేపు పట్టింది. ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు కాబట్టి తలుపు తట్టలేదు.

మొహం కడుక్కుని బయటికొచ్చింది. తువాలు ఇచ్చాను.

"ఎన్నాళ్ళుగా అమ్మా?" అన్నాను.

"గ్యాస్ట్రిక్, అంతే" అంది.

"నాకూ అదే గ్యాస్ట్రిక్ అమ్మా" అన్నాను. చిక్కబళ్ళాపురంలో డాక్టరు ఎక్కడ కూర్చుంటాడో చెప్పాను. అక్కడ ఏ కుర్చీలో కూర్చోవాలో కూడా చెప్పాను. ఆమె తువాలు మడుస్తూ మొత్తం విన్నది. హాల్లో మగవాళ్ళు ఏదో మాట్లాడుకుంటున్నారు.

తిరిగి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి నా మోచెయ్యి పట్టుకుంది.

"మీ పిల్లకు చెప్పమ్మా. మా ఇంట్లో బాత్రూము ఇంటి లోపలే ఉండాది. పెరట్లో చాలు అని అందరూ అన్యారు. నేనే పట్టుబట్టి కట్టించినాను."